ఇంటి నిర్మాణానికి కొటేషన్ల సేకరణ

సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారు, పని అప్పగించే ముందు ఒకరికి మించిన కాంట్రాక్టర్ల నుంచి ధరను, చేసే పని వివరాలను రాతపూర్వకంగా తీసుకోవడాన్ని కొటేషన్ల సేకరణ అంటారు. ప్రభుత్వ పనుల టెండర్లలో ఉండే బహిరంగ ప్రకటన, ధరావతు, సీల్డ్ కవర్లు సొంతింటి విషయంలో సాధారణంగా ఉండవు. అందరికన్నా తక్కువ రేటు చెప్పినవారికే పని ఇవ్వాలన్న నిబంధనా లేదు. మేస్త్రీతో నోటిమాటగా రేటు మాట్లాడుకుని పని మొదలుపెట్టడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

కాంట్రాక్టు రకాలు

లేబర్ కాంట్రాక్టులో సిమెంటు, ఇసుక, కంకర, ఇటుక, ఇనుము యజమానే కొనిస్తాడు. కాంట్రాక్టరు కూలి మాత్రమే తీసుకుంటాడు. సెంట్రింగు సామగ్రి ఎవరిదన్నది ముందే తేల్చుకోవాలి. మెటీరియల్‌తో సహా ఇచ్చే కాంట్రాక్టులో సరుకు, కూలి రెండూ కాంట్రాక్టరువే. ఎక్కువగా చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటారు. మూడోది ఐటమ్ రేటు పద్ధతి. ఇందులో తవ్వకం, కాంక్రీటు, ఇటుక పని, ప్లాస్టరింగు వంటి ఒక్కొక్క పనికి విడిగా రేటు రాసి, జరిగిన పనిని కొలిచి డబ్బు ఇస్తారు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

కొటేషన్ అడిగే నాటికి అనుమతి పొందిన ప్లాను, పిల్లర్లు, దూలాలు, శ్లాబుల స్ట్రక్చరల్ డ్రాయింగులు, సరుకు వివరాల జాబితా చేతిలో ఉండాలి. కాంట్రాక్టర్లందరికీ ఒకే కాగితాలు ఇవ్వాలి. లేకపోతే ఒకరు టేకు గుమ్మానికి, మరొకరు మామూలు కలప గుమ్మానికి లెక్క కడతారు. జాబితాలో ‘మంచి రకం’ అని రాస్తే చాలదు. కాంక్రీటు గ్రేడు (భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీకి కనీసం ఎం20), ఇనుము గ్రేడు, గోడ మందం, టైల్సు కొలత, చదరపు అడుగు టైలుకు అనుకున్న ధర వరకు రాయాలి. శంకుస్థాపన ముహూర్తం పెట్టుకున్నాక కొటేషన్లు అడగడం మొదలుపెడితే వీటిని సరిచూసుకునే వ్యవధి ఉండదు.

రేటు, కొలత

చదరపు అడుగు రేటు ఒక్కటే చూస్తే అసలు ఖర్చు తెలియదు. ఆ రేటును ఏ విస్తీర్ణంతో గుణిస్తారన్నది ముఖ్యం. కొందరు ప్లింత్ ఏరియాకు (గోడల మందంతో సహా నేల విస్తీర్ణానికి), కొందరు బాల్కనీ, పోర్టికో, సన్‌షేడ్లు కలుపుకొని శ్లాబు ఏరియాకు లెక్క కడతారు. ఉదాహరణకు ఒక ఇంటి ప్లింత్ ఏరియా 1,200, శ్లాబు ఏరియా 1,380 చదరపు అడుగులు అనుకుందాం. శ్లాబు ఏరియాకు రూ.1,900 అడిగిన కొటేషన్ రూ.26,22,000 అవుతుంది. ప్లింత్ ఏరియాకు రూ.2,050 అడిగినది రూ.24,60,000 మాత్రమే. రేటు ఎక్కువగా కనిపించినదే రూ.1,62,000 తక్కువకు వస్తుంది. ప్లింత్, కార్పెట్ ఏరియాలను కొలిచే విధానానికి ఐఎస్ 3861, నిర్మాణ పనుల కొలతలకు ఐఎస్ 1200 ప్రమాణాలు ఉన్నాయి. కొలత వీటి ప్రకారమేనని కొటేషన్‌లో రాయించుకుంటే తరువాత వాదన ఉండదు.

కొటేషన్లను పోల్చడం

కాంట్రాక్టర్ల పేర్లు పక్కపక్క గడుల్లో, పనులు ఒకదాని కింద ఒకటి రాసి పట్టిక వేస్తే వదిలేసిన పనులు బయటపడతాయి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, బేస్‌మెంట్ లోపలి మట్టి ఫిల్లింగు, పిట్టగోడ, అటకలు, బోరు, కరెంటు మీటరు చదరపు అడుగు రేటులో తరచూ ఉండవు. చివర్లో ‘ఎక్స్‌ట్రా’ల కింద వస్తాయి. ఇనుము లెక్కను సరిచూడటానికి తేలిక సూత్రం ఉంది: కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మి.మీ. కడ్డీ మీటరుకు సుమారు 0.89 కిలోలు, 12 మీటర్ల కడ్డీ సుమారు 10.7 కిలోలు. మరీ తక్కువ కొటేషన్ వస్తే ఏ పని వదిలేశారో వెతకాలి. ఆ కాంట్రాక్టరు కట్టిన ఇంటికి వెళ్లి, ఒక వానాకాలం గడిచాక శ్లాబు ఎలా ఉందో ఇంటివాళ్లను అడగడం మరో పరీక్ష.

పన్నులు, చెల్లింపులు

మెటీరియల్‌తో సహా ఇచ్చే ప్రైవేటు ఇంటి కాంట్రాక్టుపై జీఎస్టీ 18 శాతం. నివాస సముదాయంలో భాగం కాని ఒక్క ఇంటి నిర్మాణానికి కేవలం కూలి కాంట్రాక్టు అయితే మినహాయింపు ఉంది. రేటు జీఎస్టీతో కలిపా, విడిగానా అన్నది కొటేషన్‌లోనే ఉండాలి. డబ్బు పునాది, బేస్‌మెంట్, శ్లాబు, గోడలు, ప్లాస్టరింగు, ఫ్లోరింగు, రంగులు ఇలా దశలవారీగా ఇస్తారు. బ్యాంకులు కూడా గృహరుణాన్ని నిర్మాణ దశలను బట్టే విడుదల చేస్తాయి కాబట్టి కాంట్రాక్టరు, బ్యాంకు దశల పట్టికలు రెండూ సరిపోలాలి. కొంత మొత్తాన్ని లీకేజీలు చూసుకున్నాక ఇవ్వడానికి ఆపుకోవచ్చు.

చట్టపరమైన స్థితి

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం కాంట్రాక్టరు ఇచ్చిన ధర ఒక ప్రతిపాదన. యజమాని అంగీకారం తెలిపేలోగా దాన్ని ఉపసంహరించుకోవచ్చు. కొటేషన్‌పై గడువు తేదీ కూడా వేయించుకుంటారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం గృహ నిర్మాణాన్ని ‘సేవ’ నిర్వచనంలో చేర్చింది. పనిలో లోపముంటే యజమాని వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ నోటిమాటను రుజువు చేయడం కష్టం. ప్లానును, సరుకు జాబితాను, కొటేషన్‌ను ఒప్పంద పత్రానికి జతచేసి ప్రతి పేజీపై ఇద్దరూ సంతకం చేస్తే ఏ పనికి ఎంత ఒప్పుకున్నారో ఆ కాగితాలే చెబుతాయి.