బడబేర్ కౌలు: అయూబ్ ఖాన్ పాలనలో పాకిస్తాన్–అమెరికా సంబంధాలు (1958–1969)

పాకిస్తాన్ సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ 1967లో వెలువరించిన ఆత్మకథకు ‘ఫ్రెండ్స్ నాట్ మాస్టర్స్’ అని పేరు పెట్టాడు. కావలసింది మిత్రులే గాని యజమానులు కారని దాని భావం. ఆ మాట ప్రధానంగా అమెరికాను ఉద్దేశించినదేనని వేరే చెప్పనక్కరలేదు. నమ్మిన మిత్రుడు మాట తప్పాడన్న ఈ కథనం తరువాత కూడా తరచు వినిపిస్తుంది. అయితే ఒప్పందాల క్రమాన్ని పరిశీలిస్తే వేరొక విషయం అవగతమవుతుంది. ఉభయపక్షాలూ ఒకే పత్రం మీద సంతకాలు చేసి, మొదటి నుంచీ దాన్ని రెండు విధాలుగా చదువుకున్నాయి.

ఈ బంధం 1958 నాటి సైనిక తిరుగుబాటుతో మొదలైనది కాదు. 1951లో సర్వసైన్యాధ్యక్షుడైన అయూబ్ అప్పటి నుంచే అమెరికన్ ఆయుధాల కోసం ప్రయత్నించాడు. 1954లో పరస్పర రక్షణ సహాయ ఒప్పందం, అదే ఏడు సీటో, 1955లో బాగ్దాద్ ఒడంబడిక వరుసగా కుదిరాయి. అమెరికా దృష్టిలో ఇవన్నీ కమ్యూనిజానికి అడ్డంగా కట్టిన గట్లు. రావల్పిండిలోని సైనిక ప్రధాన కార్యాలయానికి మాత్రం ఇవి భారతదేశంతో బలం సరితూచుకునే సాధనాలు. ఈ భేదం ఇరువురికీ తెలియనిది కాదు. తెలిసీ పైకి అనకపోవడం మీదనే ఆ మైత్రి నిలిచింది.

1958 అక్టోబరులో ఇస్కందర్ మీర్జా రాజ్యాంగాన్ని రద్దుచేసి సైనిక శాసనం విధించాడు. మూడు వారాలు తిరగకముందే మీర్జాను తప్పించి అయూబ్ అధ్యక్షుడయ్యాడు. 1959 మార్చి 5న అంకారాలో అమెరికాతో ద్వైపాక్షిక ఒప్పందం జరిగింది. పెషావర్ సమీపంలోని బడబేర్‌లో సోవియట్ సమాచార ప్రసారాలను ఆలకించే కేంద్రానికి పదేళ్ల కౌలు కుదిరింది కూడా ఆ సంవత్సరమే. ఆ కౌలును చర్చించడానికి అప్పుడు చట్టసభ లేదు. సొంత ప్రజల సమ్మతి అక్కరలేని పాలకుడితో వ్యవహారం అగ్రరాజ్యానికి ఎంత సులువో ఇక్కడ కనిపిస్తుంది. ముప్పు మాత్రం ప్రజల వంతైంది. 1960 మే 1న పెషావర్ నుంచి బయలుదేరిన యూ-2 గూఢచారి విమానాన్ని సోవియట్లు కూల్చివేసినప్పుడు కృశ్చేవ్ హెచ్చరిక ఆ నగరం మీదనే గురిపెట్టింది.

1961 జూలైలో కెనడీ అయూబ్‌కు మౌంట్ వెర్నన్‌లో విందు ఇచ్చాడు. అయూబ్ అమెరికన్ కాంగ్రెస్ ఉభయసభల సమావేశంలో ప్రసంగించాడు. ఈ వైభవం మాటున ఒక చిన్న సంగతి మరుగునపడుతుంది. అంతకు కొద్ది నెలల ముందే చమురు అన్వేషణకు సోవియట్ యూనియన్‌తో పాకిస్తాన్ ఒప్పందం చేసుకుంది. కనుక అయూబ్ ఇతర శక్తుల వైపు మొగ్గడం కేవలం 1962 తరువాతి ప్రతీకారమనడం పూర్తిగా సరికాదు.

1962 అక్టోబరులో చైనా దాడి జరగగానే అమెరికా భారతదేశానికి ఆయుధాలు పంపింది. ఇది అయూబ్‌కు ఏరు దాటి తెప్ప తగలేసినట్లు తోచింది. 1963 మార్చి 2న చైనాతో సరిహద్దు ఒప్పందం, ఆగస్టులో విమానయాన ఒప్పందం కుదిరాయి. దానికి బదులుగా ఢాకా విమానాశ్రయానికి ఇవ్వదలచిన రుణాన్ని అమెరికా నిలిపివేసింది. 1965 ఏప్రిల్‌లో అయూబ్ పర్యటనను జాన్సన్ వాయిదా వేశాడు. పక్షపాతం కనిపించకుండా లాల్ బహదూర్ శాస్త్రి పర్యటననూ వాయిదా వేశాడు.

అసలు పరీక్ష ఆ సెప్టెంబరు యుద్ధంలో ఎదురైంది. అమెరికా ఇరు దేశాలకూ ఆయుధ సరఫరా ఆపింది. నిషేధం సమానమే, దెబ్బ సమానం కాదు. పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులూ సేబర్ విమానాలూ అమెరికావే. విడిభాగాలూ అక్కడి నుంచే రావాలి. భారత సైన్యానికి బ్రిటన్, సోవియట్ యూనియన్ వంటి వేరే ఆధారాలున్నాయి. తాను పదేళ్లు శ్రమించి సమకూర్చుకున్న ఆయుధసంపత్తి తాళం ఎవరి చేతిలో ఉన్నదో అయూబ్‌కు అప్పుడు తెలిసివచ్చింది. 1966 జనవరిలో సంధికి ఆయన వెళ్లినది తాష్కెంట్‌కు, ఒకనాడు పెషావర్‌ను బెదిరించిన దేశానికి.

అయూబ్ చేతిలో చివరకు మిగిలిన బేరపు వస్తువు బడబేర్ ఒక్కటే. కౌలును పొడిగించబోమని 1968 ఏప్రిల్‌లో పాకిస్తాన్ అమెరికాకు తెలియజేసింది. ఆ నెలలోనే సోవియట్ ప్రధాని కోసిగిన్ పాకిస్తాన్‌లో పర్యటించాడు. కొద్ది నెలలకే సోవియట్ ఆయుధాల సరఫరాకూ అంగీకారం కుదిరింది. కాని అప్పటికి ఆయన పాలనకు గండం ఏ రాజధాని నుంచీ రాలేదు. 1968 నవంబరు నుంచి రావల్పిండి, కరాచీ, ఢాకా వీధులలో విద్యార్థులు, కార్మికులు కదిలారు. 1969 మార్చి 25న అయూబ్ అధికారాన్ని యాహ్యా ఖాన్‌కు అప్పగించాడు. బడబేర్ కౌలు గడువు ఆ జూలైలో ముగిసింది.