కందకం అంచున

ఎల్బీనగర్‌లో బస్సు మారేసరికే చొక్కా వీపుకి అంటుకుపోయింది. 2016 మే 22, ఆదివారం. రేపు సోమవారం జూకి సెలవు. అందుకే కాబోలు, ఊరూ పట్నమూ కలిసి ఇవాళే కదిలొచ్చినట్టున్నాయి. ఇబ్రహీంపట్నంలో పొద్దున్నే బస్సెక్కారు మీరిద్దరూ, నువ్వూ నీ అక్క కొడుకూ. వాడికి ఏడేళ్లు. గుప్పిట్లో పల్లీల పొట్లం. ఇంటి దగ్గర మేకకి పెట్టినట్టే సింహానికీ పెడతాడట.

బహదూర్‌పురా దగ్గర గేటు దాటగానే నీడ మీద పడుతుంది. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాలు, 1963 నుంచీ ఇక్కడే ఉన్న నెహ్రూ జూ పార్కు. వేడిగా మట్టివాసన, పేడవాసన. పిల్లాడు నీ చెయ్యి లాగుతున్నాడు.

మొసళ్ల దగ్గర గోడ చుట్టూ జనం. లోపల ఒక మొసలి నోరు తెరుచుకుని కదలకుండా పడి ఉంది.

"బొమ్మరా అది," అంటాడు ఒకడు.

"కాదన్నా, పాణం ఉన్నది."

తేల్చుకోవడానికి వంగి ఒక రాయి తీస్తాడు. టప్. రాయి దాని వీపు మీద పడి జారింది. మొసలి కదల్లేదు. ఎండలో అలా నోరు తెరిచి ఉంచడం ఒళ్లు చల్లబరుచుకోవడానికి. వాళ్లకా సంగతి తెలీదు. ఇంకో రాయి.

"మామా, నేను గూడ ఏస్తా."

నీ చెప్పు పక్కనే గులకరాయి. వాడి చూపు దాని మీదే ఉంది. నువ్వు దాన్ని కాలితో దూరంగా తన్నేస్తావు. కానీ రాయి విసిరిన మనిషిని ఒక్క మాట అనవు. మనకెందుకులే అనుకుంటావు.

ఇప్పుడు ఆఫ్రికా సింహాల ముందు నిలబడ్డావు. కృష్ణ మగది, రాధిక ఆడది. నీకూ వాటికీ మధ్య లోతైన కందకం, అందులో పచ్చటి నీళ్లు. అవతల బండలు. సింహాలు పడుకునే ఉన్నాయి. ఎంతైనా రోజుకి ఇరవై గంటల దాకా విశ్రాంతి తీసుకునే జంతువు. కానీ డబ్బులు పెట్టి టికెట్ కొన్నవాళ్లకి పడుకున్న సింహం ఆనదు. ఈలలు. చప్పట్లు. "ఓయ్, లే!"

"లేస్తలేదేంది మామా?"

నీకు తెలియకుండానే నువ్వూ నాలుకతో టక్ టక్‌మనిపిస్తావు. ఒక్కసారి ఇటు చూస్తే చాలు. అంత దూరం నుంచి వచ్చాం గదా.

ఒక చెవి ఇటు తిరుగుతుంది. విన్నది. కన్ను మూసుకోగలదు గానీ, పాపం, చెవి మూసుకోలేదు.

బోర్డు మీద రాసే ఉంది. జంతువుల్ని ఏడిపించడం, మేత వెయ్యడం, అరుపులతో బెదరగొట్టడం, చెత్త పారెయ్యడం తప్పు. ఉత్త సలహా కాదు అది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38-జె సెక్షన్. ఆరు నెలల దాకా జైలు. ఎవరూ చదవడం లేదు. నువ్వూ ఇప్పుడే చూశావు.

దబ్బున చప్పుడు.

నీళ్లు ఎగిరాయి. "పడ్డడు! పడ్డడు!"

కాదు. దూకాడు.

కందకంలో మనిషి. తాగి ఉన్నాడు. సింహాలతో చెయ్యి కలుపుతాడట. నీళ్లలో తడబడుతూ అటే పోతున్నాడు. బండల వైపు.

రాధిక లేచింది.

కృష్ణ లేచాడు.

జనం ఒక్కసారిగా గోడ మీద పడ్డారు. వెనక నుంచి తోపులాట. గోడ అంచు నీ పొట్టకి గుచ్చుకుంటోంది. కేకలు. పదుల చేతులు పైకి లేచాయి, అన్నిటిలోనూ ఫోన్లు. నీ చెయ్యి కూడా జేబులోకి పోయింది.

ఫోను వేళ్లకి తగిలింది. తీస్తావా?

పిల్లాడు నీ కాలు వాటేసుకున్నాడు. వణుకుతున్నాడు.

చెయ్యి బయటికి లాగేస్తావు. వాణ్ణి ఎత్తుకుంటావు. గొంతుదాకా వచ్చిన కేకని మింగేస్తావు. ఎందుకంటే, అదిగో, అటు పక్క ఒక మనిషి వచ్చాడు. జూ ఉద్యోగి. సింహాలతో మాట్లాడుతున్నాడు. ఈ గోలలో నీకే వినపడటం లేదు. వాటికెలా వినపడాలి?

"అరవకుండ్రి!" అంటావు పక్కవాళ్లతో. "ఆయన్ని పిలవనియ్యండ్రి!"

ఒకరిద్దరు ఆగుతారు. మిగతావాళ్లు ఆగరు.

అయినా చెవులు తిరిగాయి. అటు. తల తిరిగింది. అటు.

మత్తు సూది వెయ్యొచ్చు గదా అనిపిస్తుంది నీకు. వేసినా సింహం వెంటనే ఒరగదు. మందెక్కడానికి నిమిషాలు పడుతుంది. సూది పోటుకి రేగి ఆ నిమిషాల్లో ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. అప్పుడిక తుపాకీయే. సరిగ్గా నిన్ననే చిలీ దేశంలో, శాంటియాగో జూలో, ఒక మనిషి ఇలాగే సింహాల దగ్గరికి దిగాడు. అతణ్ణి కాపాడటానికి ఒక మగ సింహాన్నీ ఒక ఆడ సింహాన్నీ కాల్చి చంపారు. మరో ఆరు రోజులకి అమెరికాలోని సిన్సినాటిలో మూడేళ్ల పిల్లాడు కందకంలో పడతాడు. హరాంబే అనే గొరిల్లాని, దానికి 17 ఏళ్లు నిండిన మర్నాడే, కాల్చేస్తారు. ఇవేవీ నీకింకా తెలియవు. నీ కళ్ల ముందున్నది ఈ జంట. ఆ గొంతు వైపు తిరిగిన రెండు తలలు.

ఊపిరి బిగబట్టావు.

మనిషిని పట్టుకున్నారు. లాగుతున్నారు. పైకి వచ్చాడు.

బతికాడు. సింహాలూ బతికాయి. అతణ్ణి పోలీసులకి అప్పగిస్తారు.

"పిచ్చోడు," అంటున్నారు చుట్టూ. నువ్వంత తేలిగ్గా అనలేవు. గోడ దగ్గర ఇందాకటి నుంచీ మీరందరూ అడుగుతున్నది ఒకటే, మావైపు చూడమని. తాగినవాడు ఆ అడగడాన్నే నీళ్లలోకి తీసుకెళ్లాడు. 2021 నవంబరులో ఇదే జూలో ఇంకొకతను సింహాల ఆవరణలోని బండల మీదికి చేరితే అతణ్ణీ జూ సిబ్బందే కాపాడతారు. 2024 ఫిబ్రవరి 15న తిరుపతి జూలో మాత్రం, సింహం దగ్గరికి దూకిన మనిషి మిగలడు.

వెళ్లేటప్పుడు మళ్లీ మొసళ్ల మీదుగానే దారి. మళ్లీ ఎవరో వంగుతున్నారు. ఈసారి నువ్వు ఆగుతావు.

"అన్నా, రాయి ఇడ్సిపెట్టు. దానికి పాణం ఉన్నది."

అతను నిన్ను ఎగాదిగా చూస్తాడు. రాయి కింద పడుతుంది.

ఇల్లు చేరేసరికి చీకటి. వాకిట్లో మేక కట్టేసి లేదు, గేటు కూడా తీసే ఉంది. పిల్లాడు పల్లీల పొట్లం విప్పి అరచెయ్యి చాపి నిలబడ్డాడు, పిలవకుండా. అది తనంతట తానే వచ్చింది. నాలుగు తిన్నది. ఇంకా చేతిలో ఉండగానే, తోకాడించుకుంటూ వెళ్లిపోయింది.