కరవుసీమలో చెరువుల విద్య

అనంతపురము పేరు వినగానే కరవు తలపునకు వచ్చుట మనకు వాడుక. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి వానలు ఈ పీఠభూమికి కొలదిగానే అందును. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్లు. అదియు కొన్ని దినములలో ఉరవడిగా కురిసిపోవును. అయినను ఆ పట్టణమునకు పేరు చెరువు వలననే వచ్చినది. మొదటి బుక్కరాయల కాలమున చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డముగా కట్ట వేయించి, దాని రెండు కొనల బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను గ్రామములను నిలిపెనని స్థానిక చరిత్రలు చెప్పుచున్నవి.

ఆనాటివారి జలవిద్య ఎట్టిదో పొరుగున కడపసీమలోని పోరుమామిళ్ల శాసనము తెలుపుచున్నది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో దీనిని వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా అచటి చెరువు రెండేండ్లలో ముగిసినది. చెరువునకు పండ్రెండు అంగములు, ఆరు దోషములు ఇందు చెప్పబడినవి. జలశాస్త్ర మెరిగినవాడు, గట్టినేల, తీపినీటి ఏరు, దాని నొరసిన కొండ, మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతైన విశాల గర్భము, చేరువలో రాతిగని, దిగువను సమతలమైన పొలము అంగములలోనివి. చివరిది పని నేర్చిన జనము.

కట్ట నుండి నీరూరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేర, గర్భము నడుమ మెరక, నీరు తక్కువై పొలము ఎక్కువగుట, నీరెక్కువై పొలము తక్కువగుట దోషములు. పొలిమేర చెరువును కాపాడు బాధ్యత ఎవరిదన్న తగవు తప్పదు గదా! నీటిని బట్టియే సాగు అన్న నియమము చివరి రెండింట నున్నది.

కట్టుట ఒకనాటి పని, కాచుట ఏటేటి పని. చెరువు కట్టినవారికి, మరమ్మతు చేయువారికి దశబంధమను ఈనాము లభించెడిది. తూమెత్తి నీరు పంచుటకు నీరుగంటి యుండెను. వేసవిలో పూడికమన్ను పొలములకు ఎరువుగా పోవుటచే చెరువునకు లోతు దక్కెడిది. ఎగువ చెరువు మరవ పారిన నీరు దిగువ చెరువున చేరును. కావున ఒక ఊరి కట్ట తెగినచో క్రింది ఊళ్లకును ముప్పే. తెగనున్న కట్టను నిలుపుటకై ఒక ఇంటి కోడలు బలియైనదని బుక్కరాయసముద్రపు జనశ్రుతి. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కథనే ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా వ్రాసిరి.

1876–78 నాటి ధాత కరవు పిదప, 1883లో మద్రాసు ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణ పథకమును ఆరంభించెను. కాని మరమ్మతు ప్రభుత్వశాఖ పనియైన కొలది గ్రామస్థుల చేయి సడలినది. గొట్టపుబావులు వచ్చిన పిదప ఎవరి నీరు వారిదైనది. ఆ బావులు ఎండనారంభించిన పిదపగాని, భూమి లోపలికి నీరు దింపునది చెరువే యని మరల తెలిసిరాలేదు.

నేడు హంద్రీ-నీవా కాలువ వెంట కృష్ణాజలము ఈ సీమకు వచ్చుచున్నది. కొన్ని చెరువులు దానితో నిండుచున్నవి. అయినను పూడిక తీయుటకు, వాగుదారి ఆక్రమణకు గురికాకుండ చూచుటకు, తూమువద్ద నిలిచి న్యాయముగా పంచుటకు ఊరివారే కావలెను. శాసనకర్త చెప్పిన పండ్రెండవ అంగమును ఏ కాలువయు తీసికొని రాజాలదు.