వృత్తివిద్య ఎవరి కోసం?

2025 అక్టోబరులో యూసుఫ్‌గూడలో జరిగిన సినీ కార్మికుల సభలో తెలంగాణ ముఖ్యమంత్రి ఒక వాగ్దానం చేశారు. కార్మికుల పిల్లల కోసం కృష్ణానగర్‌లో నర్సరీ నుంచి ఇంటర్మీడియట్ దాకా ఒక పాఠశాల కట్టిస్తామన్నారు. ఉపఎన్నిక ముంగిట చేసిన వాగ్దానం గనుక కొందరు నమ్మకపోవచ్చు. నెరవేరుతుందనే అనుకుందాం. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటి వున్నది. లైట్‌మాన్ కొడుక్కూ, మేకప్ సహాయకుని కూతురికీ ఆ బడి ఏం నేర్పుతుంది? తండ్రి పనినే కాస్త మెరుగుగా నేర్పి పంపుతుందా? లేక ఆ పని ఊసే ఎత్తకుండా ర్యాంకుల వెంట పరుగెత్తిస్తుందా?

రెండూ తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1882లో హంటర్ కమిషన్ హైస్కూలు పై తరగతుల చదువును రెండు పాయలుగా చీల్చమని చెప్పింది. ఒకటి విశ్వవిద్యాలయ ప్రవేశానికి. రెండవది వ్యాపారానికీ, లోకంలోని ఇతర పనులకూ పనికివచ్చే చదువు. జనం రెండవదాని వైపు పెద్దగా పోలేదు. మనవాళ్ళకు శ్రమ అంటే చిన్నచూపు గనుక పోలేదని చెప్పేవారు ఈనాటికీ వున్నారు. అసలు సంగతి వేరు. సర్కారు కొలువు మొదటి పాయ చివరనే వున్నది. రెండవ పాయ చివర నిలబడి పిలిచే పరిశ్రమ ఏదీ లేదు. వున్న నేత పరిశ్రమను మాంచెస్టరు గుడ్డ కూలదోసింది. తలిదండ్రులు లెక్క సరిగానే వేసుకొన్నారు.

ఈ చీలికను ఒప్పుకోని ప్రయత్నం మన నేల మీదనే జరిగింది. స్వదేశీ ఉద్యమపు వేడిలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. అక్కడ సాహిత్యమూ, చిత్రకళా, నేతా, యంత్రవిద్యా ఒకే కప్పు కింద వుండేవి. ప్రమోద కుమార చటోపాధ్యాయ వద్ద అక్కడ చిత్రకళ నేర్చిన అడివి బాపిరాజు కవి, నవలాకారుడు, తరువాత సినిమాలకు కళాదర్శకుడు కూడా. చేయీ మెదడూ కలిపి పెంచితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే దాఖలా అక్కరలేదు. కాని ఉద్యోగాలూ డిగ్రీలూ ప్రభుత్వం చేతిలో వున్నంతకాలం ఒంటరి విద్యాసంస్థ ఎంతకాలం నిలుస్తుంది? క్రమంగా అది మామూలు డిగ్రీ కాలేజీగా మారిపోయింది.

స్వాతంత్ర్యం తరువాతనైనా చీలిక పోలేదు. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ ప్రాథమిక విద్యకు కొత్త పథకం తెచ్చారు. బడి రోజుకు మూడు గంటలే. తక్కిన కాలం పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలి. అంటే చాకలి బిడ్డ చాకిరేవుకు, కుమ్మరి బిడ్డ సారె దగ్గరకు. ప్రజలు దానికి కులవిద్య అని పేరుపెట్టి ఎదిరించారు. 1954లో అది రద్దయింది. ఆ పోరాటం చేతిపని మీద కాదు, పుట్టుకతో పనిని ముడివేయడం మీద. ఈ తేడాను మనం మరువరాదు.

ఆ కాలంలోనే ముదలియార్ కమిషన్ ఏడు రకాల ఐచ్ఛిక విభాగాలతో మల్టీపర్పస్ హైస్కూళ్ళు పెట్టమన్నది. 1966లో కొఠారీ కమిషన్, 1986 నాటికి హయ్యర్ సెకండరీ విద్యార్థులలో 50 శాతం వృత్తి కోర్సులలో వుండాలన్నది. తీరా 1986 వచ్చేసరికి, కొత్త జాతీయ విద్యావిధానం 1990 నాటికి 10 శాతం చాలునన్నది. 2020 విధానం మళ్ళీ 50 శాతం అన్నది, 2025 గడువు పెట్టింది. కాని ఈసారి మాట మారింది. కోర్సులో చేరడం కాదు, వృత్తివిద్యతో పరిచయం కలిగితే చాలు! 19 నుంచి 24 ఏళ్ళ కార్మికులలో క్రమమైన వృత్తివిద్య పొందినవారు 5 శాతానికి లోపేననీ, దక్షిణ కొరియాలో 96 శాతమనీ ఆ పత్రమే ఒప్పుకొన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ స్థాయి వృత్తి కోర్సులు 1979-80లో మొదలైనాయి. వాటిలో చేరినవాడు ఇంజనీరింగు వంక చూడాలంటే అదనంగా బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాయాలి. వంతెన కావలసి వచ్చిందంటే మధ్యన అగాధం తవ్వినట్లే గదా!

ఇప్పుడు సినిమా సంగతి. తెలుగు సినిమా తన పనివారిని ఎక్కడ తయారుచేసుకొన్నది? మద్రాసులో 1945లోనే పాలిటెక్నిక్‌లో ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం నేర్పే శాఖ ఏర్పడింది. మద్రాసు ఆర్ట్సు స్కూలు నుంచి వచ్చిన మాధవపెద్ది గోఖలే, కళాధర్‌తో కలిసి 1957లో 'మాయాబజార్' కళాదర్శకత్వం నిర్వహించారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఫీజు లేని మహా పాఠశాల. గరికపాటి రాజారావు, మిక్కిలినేని, అల్లు రామలింగయ్య అందులో నుంచే వచ్చారు. తక్కిన వేలాది పనివారికి మాత్రం గురువు పక్కన నిలబడి చూసి నేర్చుకోవడమే బడి.

1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచిన నాటి నుంచి ఈ గుట్టల మీద పరిశ్రమ వేళ్ళూనింది. పైన జూబిలీహిల్స్ బంగళాలు, దిగువన కృష్ణానగర్ ఇరుకు గదులు. 2011లో ఆ స్టూడియో ఆవరణలోనే ఫిల్ము, మీడియా స్కూలు వెలిసింది. సినిమా పని డిగ్రీ చదువు కావడం మంచిదే. కాని ఫీజు కట్టి చదివే ఆ చదువుకూ, ఇరవైనాలుగు క్రాఫ్టుల శ్రమజీవుల పిల్లలు చదివే సర్కారు బడికీ మధ్య దారి లేదు. ఒకే పరిశ్రమలో మళ్ళీ హంటర్ గారి రెండు పాయలే!

2025 ఆగస్టులో 30 శాతం వేతనపెంపు కోరి కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. రోజుకు 2,000 రూపాయల లోపు వేతనమున్నవారికి మూడేళ్ళలో దశలవారీగా 22.5 శాతం పెంపుతో అది ముగిసింది. ఆ వెంటనే ముఖ్యమంత్రి నైపుణ్య విశ్వవిద్యాలయం ద్వారా కార్మికులకు శిక్షణ మాట ఎత్తారు. శిక్షణ కావలసిందే, అయితే అది కూలి పెంచకపోవడానికి సాకు కారాదు. యూనియన్ కార్డు రుసుము కొత్తవారికి భారమన్న వాదనను నిర్మాతలు సమ్మెకాలంలో వాడుకొన్నారు. ఆ చర్చను వారికి వదిలిపెట్టక సంఘాలే తమలో తాము జరుపుకోవాలి.

ఇక ఏం నేర్పాలి? ఒకనాడు సెట్టు మీద కార్బన్ కడ్డీలతో మండే ఆర్క్ దీపాలుండేవి. తరువాత హెచ్.ఎం.ఐ.లు, ఇప్పుడు ఎల్.ఇ.డి.లు. దీపం మోయడం మాత్రమే నేర్చినవాడిని కొత్త దీపం వీధిన పడేస్తుంది. విద్యుత్తు అంటే ఏమిటో, కాంతి ఎట్లా పరావర్తనమవుతుందో తెలిసినవాడు దీపం మారినా నిలబడతాడు. ఫ్లెక్సు రాగానే బ్యానరు చిత్రకారుల గతి ఏమయిందో మనం చూశాము. 1866లో అంతర్జాతీయ కార్మిక సంఘపు జెనీవా మహాసభకు మార్క్సు రాసిన సూచనలలో, మేధోవిద్యా, వ్యాయామమూ, ఉత్పత్తి సూత్రాలు తెలిపే సాంకేతిక శిక్షణా మూడూ కలిసే వుండాలన్నది ఇందుకే.

కాబట్టి కృష్ణానగర్ బడిలో వడ్రంగం, విద్యుత్తు, కుట్టుపని, శబ్దగ్రహణం వుండాలి. వాటితోపాటు భౌతికశాస్త్రం, గణితం, సాహిత్యం తగ్గకుండా వుండాలి. బ్రిడ్జి పరీక్ష లేకుండా కాలేజీ తలుపు తెరిచి వుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, అదే వడ్రంగం బల్ల జూబిలీహిల్స్ ప్రైవేటు బడిలోనూ వుండాలి. పేదపిల్లలకు మాత్రమే నేర్పే చేతిపని విద్య కాదు, వారికి వేసిన హద్దు. ఉపాధ్యాయులూ, విద్యార్థులూ, సినీ కార్మిక సంఘాలూ కలిసి ఈ కోర్కెను ఆ బడికి పునాదిరాయి పడకముందే వినిపించాలి.