ఉద్యోగులు కారన్నారు, ఎస్మా పెట్టారు: తిరుపతి–చిత్తూరు ప్రాంతంలో ప్రభుత్వరంగ సంఘాలపై నిర్బంధం

2024 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండో నంబరు జీవో ఇచ్చింది. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు చేసే పని అత్యవసర సేవ అనీ, ఆరు నెలల పాటు వాళ్లు సమ్మె చేయడానికి వీల్లేదనీ అందులో ఉంది. ఆధారం 1971 నాటి రాష్ట్ర అత్యవసర సేవల నిర్వహణ చట్టం, అందరికీ తెలిసిన పేరు ఎస్మా. అప్పటికి సమ్మెకు 26 రోజులు. చిత్తూరు, తిరుపతి జిల్లాలతో పాటు రాష్ట్రమంతటా సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ అనుబంధ సంఘాలు కలిసి నడుపుతున్న సమ్మె అది. టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. పక్కనున్న తెలంగాణలో టీచరుకు 13,650. తెలంగాణ కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తామన్న మాట నిలబెట్టుకోమనీ, కనీస వేతనం 26,000 చేయమనీ, గ్రాట్యుటీ ఇవ్వమనీ వాళ్లు అడిగారు.

ఈ జీవోను విడిగా చదివితే ఒక మామూలు నిషేధ ఉత్తర్వులాగే కనిపిస్తుంది. అదే ప్రభుత్వం అదే మనుషుల గురించి కోర్టుల్లోనూ కార్యాలయాల్లోనూ ఏం చెబుతూ వచ్చిందో దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అంగన్‌వాడీ సిబ్బందికి ఇచ్చేది గౌరవ వేతనం, జీతం కాదు. వాళ్లు స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్లు, ప్రభుత్వోద్యోగులు కారు. 2006లో కర్ణాటకకు చెందిన అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు కూడా వాళ్లవి సివిల్ పోస్టులు కావని తేల్చింది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ నుంచి వచ్చిన మణిబెన్ కేసులో గ్రాట్యుటీ చట్టం వాళ్లకు వర్తిస్తుందని అదే కోర్టు చెప్పినా, రెండేళ్లు దగ్గరపడుతున్న సమయానికి కూడా దాన్ని అమలు చేయమని ఇక్కడ రోడ్డెక్కాల్సి వచ్చింది. జీతం అడిగితే ఉద్యోగి కాదు. సమ్మె చేస్తే మాత్రం ఆ మనిషి లేకుండా రాష్ట్రం నడవదు.

ఈ వ్యాసం వాదన ఇదే: ఇక్కడ ప్రభుత్వరంగ సంఘాలపై నిర్బంధానికి అసలు పనిముట్టు లాఠీ కాదు, హోదా. పనిచేసే మనిషిని ఏ గడిలో కూర్చోబెట్టాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, అవసరాన్ని బట్టి ఆ గడి మారుస్తుంది. పోలీసు నోటీసు, సస్పెన్షన్, గుర్తింపు రద్దు అన్నీ ఆ అధికారం నుంచి పుట్టేవే.

తీర్పులు వేసిన దారి

ఈ అధికారం నిన్నమొన్న పుట్టింది కాదు. 1949లో రైల్వే శాఖ జాతీయ భద్రత పేరుతో ప్రత్యేక నియమాలు చేసుకుంది. వాటి కింద ఉద్యోగం పోగొట్టుకుని కోర్టుకెక్కిన వాళ్లలో బెంగాల్ నాగపూర్ రైల్వే గుమాస్తా పి. బాలకోటయ్య ఒకరు. కమ్యూనిస్టు పార్టీతో, సమ్మె సన్నాహాలతో సంబంధం ఉందన్నది ఆయన మీద ఆరోపణ. 1957 డిసెంబరులో సుప్రీంకోర్టు తొలగింపును సమర్థించింది. సంఘంలో ఉండే హక్కు పోలేదు, ప్రభుత్వ కొలువులో కొనసాగే హక్కే లేదు అన్నది ఆ తీర్పు తర్కం. హక్కును తాకకుండా హక్కుదారుణ్ణి బయటికి పంపే ఈ పద్ధతి తర్వాతి ఆరున్నర దశాబ్దాలకూ నమూనాగా నిలిచింది.

1962లో కొంత ఊరట దొరికింది. బిహార్‌కు చెందిన కామేశ్వర ప్రసాద్ కేసులో, ఉద్యోగులు ఏ రకమైన ప్రదర్శనా చేయకూడదన్న నియమాన్ని కోర్టు కొట్టేసింది. అయితే సమ్మె నిషేధాన్ని మాత్రం నిలబెట్టింది. అదే ఏడాది ఓ.కె. ఘోష్ కేసులో, ప్రభుత్వం గుర్తించిన సంఘంలోనే ఉద్యోగి ఉండాలన్న నియమం సంఘ స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 19(1)(సి) అధికరణకు విరుద్ధమని చెప్పింది. ఈ రెండో తీర్పును ఇవాళ మన సంఘాల నాయకులే ఎక్కువగా తలచుకోరు, అది నాకు బాధగా ఉంటుంది. గుర్తింపు పోతుందన్న భయంతో నోరు కట్టుకునే సంఘానికి ఆ తీర్పు కంటే పెద్ద ఆసరా లేదు.

ఆ తర్వాత వచ్చిన దెబ్బ పొరుగునే పడింది. నగరి దాటితే తమిళనాడు. 2003 జూలైలో అక్కడి ప్రభుత్వం సమ్మెకు దిగిన దాదాపు 1.7 లక్షల మంది ఉద్యోగులను, ఉపాధ్యాయులను ఒక్క ఊపులో తొలగించింది. ఆగస్టు 6న టి.కె. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు వారిలో ఎక్కువ మందిని తిరిగి తీసుకునేలా చూసింది. కానీ ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు గానీ, చట్టబద్ధ హక్కు గానీ, నైతిక హక్కు గానీ లేదని రాసింది. కొలువులు తిరిగి వచ్చాయి, మాట మాత్రం చట్టమై మిగిలిపోయింది. సరిహద్దుకు ఇవతల కూడా సమ్మె నోటీసు ఇచ్చే ప్రతి సంఘం మీదా ఆ మాట నీడ ఉంది.

నాలుగు వందల కిలోమీటర్లు

నిర్బంధానికి భూగోళం కూడా ఉంటుందని మన పరిశోధనల్లో పెద్దగా రాలేదు. రాష్ట్ర విభజన తర్వాత ఉద్యోగ, కార్మిక సంఘాల పిలుపులన్నీ చలో విజయవాడలే. గుంటూరు ఉపాధ్యాయుడు పొద్దున టిఫిన్ చేసి బయల్దేరినా సభకు అందుకుంటాడు. తిరుపతి నుంచి విజయవాడకు దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు, పుంగనూరు, కుప్పం వైపు నుంచైతే ఇంకా ఎక్కువ. ముందు రోజు రాత్రే రైలో బస్సో ఎక్కాలి. రేణిగుంట, గూడూరు జంక్షన్లు, నెల్లూరు మీదుగా పోయే జాతీయ రహదారి: దారులు కొన్నే. నాయకుల పేర్లు స్టేషన్లో ముందే ఉంటాయి. అందువల్ల దక్షిణ రాయలసీమలో నిర్బంధమంటే ప్రధానంగా సభకు ముందు సాయంత్రం జరిగే పని. ఇంటికొచ్చి నోటీసు చేతిలో పెడతారు, లేదా గడప దాటనివ్వరు, లేదా ప్లాట్‌ఫాం మీద ఆపేస్తారు.

దీనికి వాడే సెక్షన్లు పాతవే. నిన్నటి నేర విచారణ స్మృతిలోని 149 కింద హెచ్చరిక, 151 కింద ముందస్తు అరెస్టు, 107 కింద బైండోవర్, అంటే శాంతి భంగం చేయనని పూచీకత్తు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అవే 168, 170, 126గా మారాయి. నేరం జరగబోతోందన్న నమ్మకమైన సమాచారం ఉన్నప్పుడు ఆపడానికి పెట్టిన సెక్షన్లు ఇవి. పీఆర్సీ (వేతన సవరణ) అన్యాయంగా ఉందని చెప్పడానికి రైలెక్కే ఉపాధ్యాయిని ఏ నేరం చేయబోతోంది? ఈ ప్రశ్న కోర్టు దాకా వెళ్లేది తక్కువ. కారణం మామూలే: సాయంత్రం ఆపిన మనిషిని సభ ముగిశాక వదిలేస్తారు, కేసు ఉండదు, కేసు లేకపోతే తీర్పూ ఉండదు.

2022 ఫిబ్రవరి 3 నాటి చలో విజయవాడ ఇందుకు ఒక మినహాయింపు, గట్టి పాఠం కూడా. జనవరి 17న వచ్చిన పీఆర్సీ జీవోల్లో ఫిట్‌మెంట్ 23 శాతం. అప్పటికే తీసుకుంటున్న మధ్యంతర భృతి 27 శాతం. ఇంటి అద్దె భత్యానికీ కోత పడింది. నిర్బంధాలు, గృహనిర్బంధాలు, చెక్‌పోస్టులు అన్నీ దాటుకుని ఉద్యోగులు, ఉపాధ్యాయులు వేల సంఖ్యలో విజయవాడ బీఆర్టీఎస్ రోడ్డుకు చేరారు. దాని ఒత్తిడితోనే రెండు రోజుల్లో చర్చలు జరిగి, అద్దె భత్యం కొంత సవరించి, ఇచ్చిన మధ్యంతర భృతి రికవరీ మానుకుంటామని ప్రభుత్వం ఒప్పుకుంది. ఫిట్‌మెంట్ మారలేదు. ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందాన్ని ఒప్పుకోక బయటికి వచ్చాయి. నా అంచనాలో వాళ్లదే సరైన నిర్ణయం.

ఫిబ్రవరి 3న అంతమందిని విజయవాడ చేరనిచ్చిన పొరపాటు మళ్లీ జరగకూడదని పోలీసు యంత్రాంగం అనుకున్నట్టుంది. అదే ఏడాది ఏప్రిల్ 25న సీపీఎస్ (వాటా పింఛను పథకం) రద్దు కోసం ఉపాధ్యాయ సంఘం యూటీఎఫ్ పిలుపునిచ్చిన ముఖ్యమంత్రి కార్యాలయ ముట్టడికి, సెప్టెంబరు 1న సీపీఎస్ ఉద్యోగులు తలపెట్టిన కార్యక్రమానికి ముందు నోటీసులు, బైండోవర్లు బడుల దాకా వచ్చాయి. పాఠం చెప్పే మనిషికి పిల్లల ముందు పోలీసు కాగితం అందడం ఎలాంటి అవమానమో వేరే చెప్పనక్కర్లేదు. ఉపాధ్యాయులు తామే ఓట్లు వేసి శాసనమండలికి ప్రతినిధులను పంపే ప్రకాశం–నెల్లూరు–చిత్తూరు నియోజకవర్గం ఇది. విఠపు బాలసుబ్రహ్మణ్యం, ఇదే ప్రాంత పట్టభద్రుల స్థానం నుంచి గెలిచిన యండపల్లి శ్రీనివాసులురెడ్డి లాంటి పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రాటిక్ ఫ్రంట్) సభ్యులు మండలిలో ఈ అరెస్టుల మీద ప్రశ్నించే సంప్రదాయాన్ని ఇక్కడి నుంచే తీసుకెళ్లారు.

2023 జనవరిలో వచ్చిన ఒకటో నంబరు జీవో మరో మెట్టు. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటలను చూపించి, 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షన్ ఆధారంగా రోడ్ల మీద సభలను కట్టడి చేసింది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది.

గుర్తింపు అనే తాడు

2023 జనవరి 19న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల సంఘం నాయకులు, అధ్యక్షుడు కె.ఆర్. సూర్యనారాయణ నేతృత్వంలో, గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్‌ను కలిశారు. ఒకటో తేదీన జీతాలు రావడం లేదు, బకాయిలు అందడం లేదు, చట్టం చేసి భరోసా ఇవ్వండి అని చెప్పుకున్నారు. కొద్ది రోజుల్లోనే మీ సంఘం గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పండని సాధారణ పరిపాలన శాఖ షోకాజ్ నోటీసు పంపింది. సేవా సంఘాల గుర్తింపు నియమాలు, 2001 దానికి ఆధారం. హైకోర్టు జోక్యం చేసుకుని దాన్ని ఆపింది.

ఇక్కడ ఆలోచించాల్సింది ఒకటుంది. ప్రతి జీవో చివరా గవర్నర్ ఆదేశానుసారం, ఆయన పేరిట అని ఉంటుంది. ఎవరి పేరిట పాలన సాగుతోందో ఆయనకే అర్జీ పెట్టుకోవడం నేరమైపోతే, ఇక ఉద్యోగి ఎక్కే గడప ఏది?

గుర్తింపు అంటే కాగితం మీద హోదా మాత్రమే కాదు. గుర్తింపు ఉన్న సంఘం బాధ్యులకు సమావేశాలకు వెళ్లిన రోజును విధుల్లో ఉన్నట్టే లెక్కించే ఓడీ సౌకర్యం, కొన్నేళ్లు బదిలీ నుంచి మినహాయింపు, జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ లాంటి వేదికల్లో కుర్చీ ఉంటాయి. తిరుపతిలో ఒక రెవెన్యూ లేదా ట్రెజరీ ఉద్యోగి ధైర్యంగా నాయకత్వం వహించగలిగేది ఆ మినహాయింపు ఉన్నంతవరకే. అది పోయిన మర్నాడు ఆయన్ని జిల్లా చివరి మండలానికి పంపవచ్చు. అమెరికాలో 1981లో విమాన నియంత్రకుల సమ్మెను రీగన్ ప్రభుత్వం అణచినప్పుడు 11 వేల మందికి పైగా ఉద్యోగాలు తీసేయడంతో ఆగలేదు, పాట్కో అనే వాళ్ల సంఘం గుర్తింపును కూడా రద్దు చేయించింది. మనిషిని కొట్టడం కంటే సంఘాన్ని చంపడం ముఖ్యమని అక్కడా తెలుసు, ఇక్కడా తెలుసు.

ఆర్టీసీ, విద్యుత్తు, కొండ

హోదా మార్పు కొన్నిసార్లు వరంలా వస్తుంది. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది, 50 వేలకు పైబడిన వాళ్లు, ప్రజారవాణా శాఖ ఉద్యోగులయ్యారు. దశాబ్దాల కోరిక తీరింది, ఉద్యోగ భద్రత వచ్చింది, అది నిజమైన లాభం. కానీ అలిపిరి, మంగళం, తిరుమల డిపోల గేట్ల దగ్గర రెండేళ్లకోసారి పండగలా జరిగే గుర్తింపు ఎన్నికల కాలం దాంతో ముగిసింది. 2001లో 24 రోజులు, 2015లో 8 రోజులు సమ్మె చేసి జీతాలు సాధించిన కార్మికుడు పారిశ్రామిక వివాదాల చట్టం నీడ నుంచి 1964 నాటి ప్రవర్తన నియమావళి కిందికి వచ్చాడు. అందులో నాలుగో నియమం సమ్మెలో పాల్గొనడాన్నే నిషేధిస్తుంది. నేషనల్ మజ్దూర్ యూనియన్ లాంటి పెద్ద సంఘం కూడా పేరులో యూనియన్ తీసేసి యూనిటీ అసోసియేషన్ అయింది. తెలంగాణలో ఇదే ఫలితం కటువుగా వచ్చింది: 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజుల సమ్మె, 48 వేల మంది తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనన్న ముఖ్యమంత్రి ప్రకటన, చివరికి సంఘాల స్థానంలో డిపో సంక్షేమ మండళ్లు. ఒకచోట దండన, ఒకచోట వరం. రెండుచోట్లా బేరమాడే సంఘం పక్కకుపోయింది.

దక్షిణ ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. విద్యుత్తు సంస్థల్లో ఎస్మా అరుదైన ఆయుధం కాదు, సమ్మె మాట వినిపిస్తే చాలు, జీవో సిద్ధం.

తిరుమల తిరుపతి దేవస్థానంలో కథ ఇంకో రకం. అక్కడ శాశ్వత ఉద్యోగులకంటే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కార్మికులే దాదాపు రెట్టింపు. గదులు ఊడ్చేది, క్యూలైన్లు కడిగేది, చెత్త ఎత్తేది వీళ్లే. 1994 నాటి రెండో నంబరు చట్టం తాత్కాలిక నియామకాల క్రమబద్ధీకరణకు తలుపులు మూసింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో సొసైటీలు, ఏజెన్సీలు, చివరికి దేవస్థానమే పెట్టిన శ్రీ లక్ష్మీ శ్రీనివాస మ్యాన్‌పవర్ కార్పొరేషన్ వచ్చాయి. యజమాని ఎవరన్న ప్రశ్నకు జవాబు మారుతూనే ఉంది. 2021 చివర్లో పారిశుద్ధ్యం, నిర్వహణ పనులు చేసే ఎఫ్ఎంఎస్ కార్మికులు తమను ఆ కార్పొరేషన్లోనైనా చేర్చమని పరిపాలనా భవనం ముందు కూర్చున్నప్పుడు, వాళ్లు అడిగింది పెద్ద జీతం కంటే ముందు ఒక యజమానిని. బేరమాడడానికి ఎదుట మనిషి ఉండాలి కదా. క్షేత్ర పవిత్రత, భక్తుల రద్దీ, ప్రముఖుల రాక అనే కారణాలు తిరుపతిలో ఏ టెంటునైనా ఎత్తించడానికి సరిపోతాయి. పవిత్రతను రోజూ చీపురుతో కాపాడేవాళ్ల మీదే ఆ మాట ప్రయోగించడం అన్యాయం.

ఎస్మా తర్వాత 16 రోజులు

అంగన్‌వాడీ సమ్మెకు తిరిగి వస్తాను. ఎస్మా వచ్చాక సమ్మె ఆగిపోలేదు, ఇంకో 16 రోజులు సాగింది. అంతకుముందే కేంద్రాల తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందికి అప్పగించారు. విధుల్లో చేరనివాళ్లను తొలగించే పని మొదలుపెట్టమని కలెక్టర్లకు ఆదేశాలు వెళ్లాయి. జనవరి 22 తెల్లవారుజామున విజయవాడలో నిరాహార దీక్ష శిబిరం నుంచి పోలీసులు మహిళలను ఎత్తుకెళ్లారు. అదే రోజు రాత్రి మంత్రి బొత్స సత్యనారాయణతో చర్చలు జరిగాయి. 42 రోజుల సమ్మె కాలానికి వేతనం, కేసుల ఎత్తివేత, పదవీ విరమణ ప్రయోజనాల పెంపు, జూలైలో వేతన సవరణ హామీ దక్కాయి. తొలగింపు ఉత్తర్వులు చిత్తుకాగితాలయ్యాయి.

ఎందుకు గెలిచారు? రాష్ట్రమంతటా ఊరూరా ఉన్న మనుషులు వాళ్లు, అందర్నీ ఒకేసారి తీసేసి నడిపే శక్తి ప్రభుత్వానికి లేదు. మరో కారణం, మూడు కేంద్ర సంఘాలు చివరిదాకా విడిపోలేదు. 2022 ఫిబ్రవరిలో ఉద్యోగుల జేఏసీలకు (ఐక్య కార్యాచరణ కమిటీలకు) కొరవడింది ఈ ఐక్యతే.

2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పారిశ్రామిక సంస్థలన్నిటిలోనూ సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. సగం మంది ఒకేరోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. సంఘ స్వేచ్ఛ, సామూహిక బేరం గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒప్పందాలను భారతదేశం నేటికీ ఆమోదించలేదు. ఇలాంటి కాలంలో తిరుపతి, చిత్తూరు సంఘాలు పీఆర్సీ, డీఏలతో పాటు అడగాల్సిన డిమాండు ఒకటుంది: 2001 గుర్తింపు నియమాలను రద్దు చేసి, రహస్య ఓటుతో సభ్యులే తమ సంఘాన్ని ఎన్నుకునే చట్టం తేవాలి, ఆ గుర్తింపును తీసే అధికారం సంఘం ఎవరితో తగవు పడుతుందో ఆ శాఖ చేతిలో ఉండకూడదు. ప్రతి జిల్లా సంఘం ఈ తీర్మానం చేసి పంపాలి. తమకు వచ్చిన ప్రతి 168 నోటీసునూ పారేయకుండా ఫైలు కట్టి, హైకోర్టు ముందు పెట్టాలి.