గడ్చిరోలి గ్రామారోగ్య సర్వేలు

మహారాష్ట్ర తూర్పు కొసన, ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలి జిల్లాలో పల్లెల ఆరోగ్యాన్ని ఆ పల్లెల వాళ్లే లెక్కగట్టేలా 1980ల చివరి నుంచి సాగిన ప్రయత్నమిది. 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయిన ఈ జిల్లాలో అడవి ఎక్కువ, ఆస్పత్రులు తక్కువ. జనం గోండీ, మాడియా, మరాఠీ మాట్లాడతారు. సిరొంచ వైపు వెళితే తెలుగే.

అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి వచ్చిన వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో ఇక్కడ 'సెర్చ్' సంస్థను నెలకొల్పారు. తొలి అడుగు తడబడింది. జిల్లాలో సికిల్‌సెల్ జబ్బు ఉందని పరిశోధించి తేల్చారు గానీ, జనం తమను అడిగింది దాని గురించి కాదని వాళ్లకే తర్వాత అర్థమైంది. ఆడవాళ్ల బాధలు వినడంతో దారి మారింది. వాసా, అమీర్జా అనే రెండు ఊళ్లలో 650 మందిని పరీక్షిస్తే నూటికి 92 మందికి స్త్రీ సంబంధ వ్యాధులున్నాయి. అంతకుముందు ఒక్కసారైనా అలాంటి పరీక్ష జరిగినవారు నూటికి ఎనిమిది మందే. పల్లెటూరి ఆడవాళ్ల ఆరోగ్యమంటే కుటుంబ నియంత్రణే అనుకునే రోజుల్లో, 1989లో, లాన్సెట్ వైద్య పత్రిక ఈ అంకెలు అచ్చువేసింది.

తర్వాత పసిపిల్లల వంతు. బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో పెద్దవాళ్లను అడిగి మరణ కారణం రాసుకునేవారు. ఆ కారణాల్లో న్యుమోనియా పదేపదే వచ్చింది. దాన్ని పట్టాలంటే నిమిషానికి బిడ్డ ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కించాలి. పెద్ద అంకెలు లెక్కరాని మంత్రసానికి అదెలా సాధ్యం? అందుకని పూసల చట్రం ఒకటి తయారుచేశారు, పక్కనే నిమిషం ఇసుక గడియారం. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస దాకా వస్తే న్యుమోనియా, మందు మొదలుపెట్టాలి. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ చట్రమే. 1990లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఈ పద్ధతి లేని ఊళ్లలో న్యుమోనియాతో వెయ్యికి 17.5 మంది పిల్లలు చనిపోగా, ఉన్న ఊళ్లలో 8.1 మంది.

1995 నుంచి, కొద్దిపాటి చదువున్న ఊరి ఆడవాళ్లే 39 ఊళ్లలో 'ఆరోగ్యదూత'లయ్యారు. పుట్టుకలు, చావులు రాయడం, బిడ్డను తూచడం, జబ్బు గుర్తించడం, అవసరమైతే సూది వేయడం వాళ్ల పని. ఇంజెక్షన్ విషయంలో వైద్యులు కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మూడో ఏడాదికి, పోల్చి చూసిన ఊళ్లకన్నా అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి.

2011లో కేంద్ర ప్రభుత్వం ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తలకు అప్పగించింది, సూది పని మాత్రం వదిలేసి. ఆస్పత్రి కాన్పయితే ఆరుసార్లు, ఇంటి కాన్పయితే ఏడుసార్లు, 42 రోజుల్లో వాళ్లు బిడ్డ ఇంటికి వెళ్లాలి. తెలుగు పల్లెల్లో బాలింత ఇంటికి ఆశా వచ్చి బిడ్డను తూకం వేయడానికి మూలం గడ్చిరోలిలోనే ఉంది.