కుణపజలము – జీవామృతము

గోదావరీతీరమందలి బాసర నామము వ్యాసశబ్దభవమనియు, వ్యాసపురి వాసరయై, వాసర బాసరయైనదనియు స్థలపురాణము చెప్పును. వకారము బకారమగుట వింత గాదు; కాని వర్ణములు కుదిరినంతమాత్రమున చరిత్ర సిద్ధింపదు. ఆ ప్రాంతమున పసుపు, ప్రత్తి పండించు కర్షకులలో కొందఱు నేఁడు వాడు జీవామృతమను ద్రవపు టెరువు విషయమునను ఇట్టి విచారమే యావశ్యకము. ప్రాచీన వృక్షాయుర్వేదమే దానికి మూలమను మాట తఱచుగా వినఁబడుచున్నది.

క్రీ.శ. 6వ శతాబ్దమునాఁటి వరాహమిహిరుఁడు బృహత్సంహితయందు గొఱ్ఱెల మేకల పెంటికపొడి 2 ఆఢకములు, నువ్వులు 1 ఆఢకము, పేలపిండి 1 ప్రస్థము, మాంసము 1 తుల, నీరు 1 ద్రోణము కలిపి 7 రాత్రులు నిలువయుంచి చెట్లకుఁ బోయుమని విధించెను. క్రీ.శ. 1000 ప్రాంతమున సురపాలుఁడు చెప్పిన కుణపజలము ఇట్టిదే. కుణపమనఁగా శవము, అమరమును అట్లే చెప్పును. నామమే వస్తువును దెలుపుచున్నది. జంతువుల మాంసము, వస, మజ్జ ఉడికించి, కుండలోఁ బోసి, తెలకపిండి, తేనె, నానిన మినుములు, కొంచెము నేయి చేర్చి పక్షము దినములు వెచ్చనిచోట నుంచవలెను. 1363లోఁ గూర్పఁబడిన శార్ఙ్గధరపద్ధతిలోని ఉపవనవినోదమునను ఇది గలదు. సురపాలుని గ్రంథపు వ్రాతప్రతి ఆక్సుఫర్డు బోడ్లియన్ గ్రంథాలయమున నుండఁగా, 1996లో సికిందరాబాదునందలి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు నళినీ సాధలే గారి ఆంగ్లానువాదముతోఁ బ్రకటించిరి.

జీవామృతమును వ్యాపింపఁజేసినవారు ఆదిలాబాదున కుత్తరపు సరిహద్దైన విదర్భమువారగు సుభాష్ పాలేకరుగారు. ఎకరమునకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 మొదలు 10 లీటర్ల గోమూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, పిడికెడు మట్టి కలిపి పులియఁబెట్టుదురు. సాదృశ్యము లేకపోలేదు. తేనెచోట బెల్లము, మినుములచోట పప్పుపిండి నిలిచినవి. ఇవి సూక్ష్మజీవులకు మేఁత. కాని ద్రోణమునకు 4 ఆఢకములు గావున వరాహమిహిరుని యోగమున నీరు పెంటికపొడికి రెండింతలే. జీవామృతమున పేడకు ఇరువదిరెట్లు. కొలతకును తూనికకును గల భేదమును గణించినను అంతరము స్వల్పము గాదు. మొదటిది చెట్టునకు ఆహారము. రెండవది పాలలో వేయు తోడువంటిది. పసుపు భూసారమును మిక్కుటముగాఁ బీల్చు పైరు. 10 కిలోల పేడయే దానికిఁ జాలునని నమ్మి పశువుల ఎరువు మానినచో నష్టపడువాఁడు కర్షకుఁడే గాని, దానికి ప్రాచీనత కల్పించిన వ్యాఖ్యాత గాఁడు.

అంతకంటె ముఖ్యభేదము మఱియొకటి. వృక్షాయుర్వేదము చెట్లకును తోఁటలకును జెప్పఁబడిన శాస్త్రము. పైరుల శాస్త్రమగు కృషిపరాశరము చెప్పు ఎరువు ద్రవము గాదు: మాఘమున పేడకుప్పను త్రవ్వి, యెండఁబెట్టి, పొడిచేసి, ఫాల్గుణమున పొలములందలి గుంటలలో నింపి, విత్తునపుడు చల్లుమని విధి. పొలమునకును వృక్షాయుర్వేదమునకును సంబంధము చూపఁగోరువారు ద్రవపు పీపాలకంటె ముందు వేసవిలో తెలంగాణపు చేలయందుఁ గట్టు గొఱ్ఱెలమందలను జూడవలెను. వరాహమిహిరుఁడు చెప్పిన పెంటికయే అచ్చట మూత్రముతోఁ గూడ రాత్రికి రాత్రి నేలకుఁ జేరును. దీనికి ఏ గ్రంథమును ప్రమాణముగా వెదకక, గొల్లకురుమలకు ధాన్యమో రొక్కమో యిచ్చి రైతులు మందలు కట్టించుకొనుచున్నారు.